కొత్తగా నేర్చుకున్న సవర అసలు సవర అవుతుందా?

తమ్ముడూ, హాస్టల్లో ఒడియా మీడియంలో పెరిగానని, మీ కొండ ఊళ్ల గిరిజనుల భాష సవర వింటే అర్థమవుతున్నా నోరు తెరిస్తే ఊళ్లో నవ్వుతున్నారని రాశావు. ఇప్పుడు నేర్చుకుంటే అది అసలు సవరేనా అని అడిగావు. నేను పుట్టుకతో సవరవాణ్ణి కాను. తెలుగువాళ్లం, ఒడిశాలో గజపతి జిల్లా గుమ్మ దగ్గర మాకు కిరాణా కొట్టుంది. బేరాల్లో పడి నేర్చుకున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

వ్యాకరణం పెద్ద అడ్డు కాదు. మనం కాస్త తడబడగానే అవతలివాళ్లు జాలిపడి ఒడియాలోకో తెలుగులోకో మారిపోతారు, అదీ అసలు చిక్కు. సంతరోజు నేను సవరలో పలకరిస్తే ముసలాయన "ఉప్పు ఎంత బాబూ?" అని తెలుగులో అడిగేవాడు. ఇక అక్కడితో సరి. చివరికి లెక్కల దగ్గర దారి దొరికింది. సవరలో పన్నెండు దాటితే పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు అంటూ పోతారు. ఆపైన ఇరవైల లెక్క. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. అలా ఎంచుతూ చిల్లర చేతిలో పెడుతుంటే, తప్పు పోయినప్పుడల్లా ముసలమ్మలు సవరలోనే గదమాయించి సరిచేసేవారు. డబ్బు దగ్గర ఎవరికీ మొహమాటం ఉండదు కదా!

మన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారూ తెలుగాయనే. పెద్దయ్యాక నేర్చుకునే 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. అయితే నాలాంటి బయటివాళ్లు ఎందరు నేర్చుకున్నా భాష నిలబడదు, నీలాంటివాళ్లు ఇంట్లో మాట్లాడితేనే నిలబడుతుంది.

బ్రిటన్, ఐర్లండ్‌ల మధ్య మ్యాన్ అనే దీవి ఉంది. అక్కడి మ్యాంక్స్ భాష పుట్టుకతో వచ్చినవాళ్లలో చివరివాడు నెడ్ మాడ్రెల్ 1974లో పోయాడు. ఆయన బతికుండగానే కుర్రాళ్లు వెళ్లి ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. 2001లో మ్యాంక్స్‌లోనే చదువు చెప్పే బడి పెట్టారు. 2009లో యునెస్కో ఆ భాష అంతరించిపోయిందని ప్రకటిస్తే, ఆ బడిపిల్లలు మ్యాంక్స్‌లోనే ఉత్తరాలు రాసి నిలదీశారు! వాళ్ల యాస మాడ్రెల్ యాసలా ఉండదు. ఉండకపోతేనేం? నీకు అంత కష్టం కూడా లేదు. 2011 జనాభా లెక్కల్లో సవర మాట్లాడేవాళ్లు నాలుగు లక్షల పైమాటే.

లిపి గొడవలోకి మాత్రం దిగకు. ఒడియా, తెలుగు, రోమన్, సవర కోసమే 1936లో మంగై గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి, అన్నింటిలోనూ రాసేవాళ్లున్నారు. నీ చేతికి వచ్చినదాంట్లో రాసుకో.

నవ్వేవాళ్లందరి ముందూ మాట్లాడక్కర్లేదు. పిన్నో మామ్మో, ఎవరో ఒకరిని పట్టుకుని, "నేను ఎంత నత్తినత్తిగా మాట్లాడినా ఒడియాలోకి మారొద్దు" అని ముందే ఒప్పించు. ఊరికే కబుర్లకని కూర్చుంటే రెండు నిమిషాల్లో మాటలైపోతాయి. జీడిపిక్కలు ఏరడానికో, సంతకో వెంట వెళ్లు. తోటి హాస్టల్ కుర్రాళ్లకు పెట్టే మెసేజ్‌లు, వాయిస్‌లు కూడా సవరలోనే పెట్టు. వాళ్లదీ నీ పరిస్థితే కాబట్టి నవ్వరు.