న్యూడ్ పెయింటింగ్‌లో ఒళ్ళు కాకుండా ఇంకేం చూడాలి?

న్యూడ్ పెయింటింగ్ ముందు నిలబడితే ఇబ్బందిగా ఉంటుంది, ఒళ్ళు తప్ప ఏమీ కనపడదు అని మీలో ఒకరు రాశారు. నాకూ అలాగే ఉండేది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంకి వెళ్ళినప్పుడు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1654లో వేసిన బత్షెబ బొమ్మ ఎదురైంది. పక్కన నాన్నగారు ఉన్నారని పది సెకన్లలో దాటేశాను. మర్నాడు ఒక్కడినే వెళ్ళి అరగంట నిలబడ్డాను.

కథ బైబిల్‌లోది. స్నానం చేస్తున్న బత్షెబను దావీదు రాజు మేడ మీద నుంచి చూసి, మనుషుల్ని పంపి పిలిపిస్తాడు. భర్త ఊరియా యుద్ధంలో ఉన్నాడు. ఈ బొమ్మలో రాజు ఎక్కడా లేడు. ఆమె చేతిలో ఒక ఉత్తరం, కింద పాదం తుడుస్తున్న ముసలి దాసి, అంతే. బైబిల్‌లో ఆమెకు ఉత్తరం వచ్చినట్టు లేదు, అది చిత్రకారులు చేర్చుకున్నది. కానీ ఆ కాగితం చూశాక నా చూపు ఒంటి మీద నుంచి ముఖానికి వెళ్ళిపోయింది.

బొమ్మ పెద్దది, ఎత్తూ వెడల్పూ 142 సెంటీమీటర్లు. ముందు దగ్గరికి వెళ్ళి చూడండి. చర్మం నున్నగా ఉండదు. పొట్ట దగ్గర, తొడల దగ్గర కుంచె జాడలు తెలుస్తూనే ఉంటాయి. చర్మానిది ఒకే రంగు కాదు: వెలుగు పడినచోట లేత పసుపు, గులాబి, నీడలో గోధుమ రంగు. పక్కన కుప్పగా పడి ఉన్న తెల్లబట్ట మీద రంగు ముద్దలుగా ఉంటుంది, కాస్త పక్క నుంచి చూస్తే ఆ మందం తెలుస్తుంది. వెనకున్న జరీ బట్ట మెరిసీ మెరవకుండా చీకట్లో కలిసిపోతుంది. ముఖం దగ్గర మాత్రం కుంచె మెత్తబడింది. కళ్ళ చుట్టూ గట్టి గీత ఒక్కటీ లేదు, అంచులన్నీ నీడలోకి కరిగిపోయాయి. ఆమె ముఖంలో కనిపించే దిగులంతా అక్కడి నుంచే వచ్చిందని నాకనిపిస్తుంది. ఇప్పుడు నాలుగైదు అడుగులు వెనక్కి రండి, జాడలన్నీ కలిసి బరువున్న, వెచ్చని ఒళ్ళవుతుంది.

ఎక్స్‌రే తీస్తే ఒక సంగతి బయటపడింది. రెంబ్రాంట్ మొదట ఆమె తల ఇంకాస్త పైకెత్తి వేశాడట, తర్వాత వంచాడు. ఆ వంపు దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. ఉత్తరం చదవడం అయిపోయింది, ఆమె ఇప్పుడు దాన్ని చూడటం లేదు. దాసి తలెత్తడం లేదు. గదిలో ఇద్దరున్నా ఆమె ముఖంలోకి చూసేవాళ్ళు లేరు, ఎదురుగా నిలబడ్డ మనం తప్ప.