ఎర్రనేలకు ఎం.ఆర్.ఐ. తీయవచ్చా?

ప్రశ్న: మా వేరుశనగ చేనులో వాననీళ్ళు గంటలోనే ఇంకిపోతాయి. చెరువు మట్టి తోలిన పక్క మడిలో మాత్రం రెండు రోజులు నిలుస్తాయి. మోకాలికి తీసే ఎం.ఆర్.ఐ. పద్ధతితోనే మట్టిలో నీటి కదలికను చూస్తారని విన్నాను. నిజమేనా? బోరు వేసేముందు పనికొస్తుందా?
- ఒక రైతు, చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా

జవాబు: నిజమే. ఆ యంత్రం ప్రధానంగా పసిగట్టేది నీటి అణువుల్లోని హైడ్రోజన్ కేంద్రకాలను. అయస్కాంత క్షేత్రంలో ఒక్కొక్క కేంద్రకమూ వడి తగ్గిన బొంగరంలా తల తిప్పుతుంది. క్షేత్రబలం ఒక టెస్లా అయితే సెకనుకు దాదాపు 4.26 కోట్ల సార్లు. సరిగ్గా అంతే పౌనఃపున్యం గల రేడియో తరంగాన్ని క్షణకాలం పంపి ఆపితే, కేంద్రకాలు సన్నని సంకేతాన్ని వెలువరిస్తూ సద్దుమణుగుతాయి. ఆ సంకేతపు తొలి బలాన్నిబట్టి నీరెంత ఉందో తెలుస్తుంది.

అది ఎంత వేగంగా అణగారుతుందన్నది అంతకన్నా విలువైన సమాచారం. సందులో తిరుగాడే నీటి అణువు మట్టిరేణువును తాకినప్పుడల్లా సంకేతం క్షీణిస్తుంది కాబట్టి, సందు ఇరుకైనకొద్దీ అది త్వరగా ఆగిపోతుంది. గ్లాసులోని నీటిలో రెండు మూడు సెకన్లు నిలిచే సంకేతం ముతక ఇసుకలో సెకనులో కొంత భాగమే ఉంటుంది, బంకమట్టిలో కొద్ది మిల్లీసెకన్లకే ముగుస్తుంది. మీ చేనుకూ మడికీ ఉన్న తేడా ఇదే: సందులు వెడల్పైతే నీరు జారిపోతుంది, ఇరుకైతే పట్టుబడుతుంది. కదలికను చూడాలంటే గొట్టంలోకి తీసిన మట్టిస్తంభాన్ని వెంటవెంటనే చిత్రిస్తారు. కొన్నిసార్లు భారజలాన్ని పోస్తారు. అందులో ఉండే బరువైన రకం హైడ్రోజన్, అంటే డ్యుటీరియం, మామూలు హైడ్రోజన్ పౌనఃపున్యానికి పలకదు కనుక, అది చేరినచోటల్లా బొమ్మ నల్లబడుతూ పోతుంది.

మన ఎర్రనేలతో చిక్కు ఇనుముది. ఆ ఎరుపే ఇనుప ఆక్సైడ్లది. అవి సంకేతాన్ని మరింత త్వరగా చంపేస్తాయి, అయస్కాంత గుణమున్న రేణువులు బొమ్మనే వంకరపరుస్తాయి. అందుకే మట్టికి ఆసుపత్రి యంత్రంకన్నా తక్కువ క్షేత్రబలం గల పరికరాలే నయం.

బోరు సంగతి వేరు. అక్కడ భూమి అయస్కాంతత్వమే క్షేత్రం. మన ప్రాంతంలో దానికి తగిన పౌనఃపున్యం సుమారు 1,700 హెర్ట్జ్, అంటే చెవికి వినబడే స్థాయి. నేలమీద వంద మీటర్ల కొలతతో తీగను చుట్టగా పరిచి, ఇంచుమించు అంత లోతువరకు నీటి జాడ పట్టవచ్చు. వేపపుల్ల, కొబ్బరికాయలకంటే ఇది ఎన్నో రెట్లు నమ్మదగినదే. అయినా కరెంటు తీగల రొద దాన్ని ముంచేస్తుంది. మోటార్లు లేని పొలం చిత్తూరు వైపు ఎక్కడుంది? పైగా మన గట్టి రాతిలో నీరుండేది సన్నని నెర్రెల్లో. పైనున్న శిథిలపొరలోని నీరు తెలుస్తుంది గానీ, లోతున ఒంటరి నెర్రె తెలియడం కష్టం.

మీ చేనుకు ప్రస్తుతం ఇంత యంత్రం అక్కరలేదు. అడుగు వెడల్పు ఇనుప కట్టునొకదాన్ని, దానిచుట్టూ పెద్దదాన్ని నేలలోకి దిగగొట్టి, రెండింటా నీరు నింపి, లోపలి మట్టం గంటకెంత దిగిందో చేనులోనూ మడిలోనూ కొలిచి చూడండి.