యూఎస్‌బీ మీద బాగానే నడిచి, బ్యాటరీ మీద వైబ్రేషన్ రాగానే ఫోకస్ బ్యాండ్ (ఫోన్ పక్కన పెట్టమని వైబ్రేషన్‌తో గుర్తుచేసే బ్యాండ్) రీస్టార్ట్ అవుతోందంటే

అది కోడ్ తప్పు కాదు, వోల్టేజీ పడిపోవడం. సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే సందేశాలు కంప్యూటర్‌లో కనిపించే చోట) ‘బ్రౌన్‌అవుట్’, అంటే వోల్టేజీ చాలలేదు అని వస్తే, అదే రుజువు.

1. వైబ్రేషన్ మోటార్‌ను ఈఎస్‌పి32 (బ్యాండ్‌ను నడిపే చిప్) పిన్‌కి నేరుగా కలపకండి. కాయిన్ మోటార్ 80 మిల్లీఆంపుల దాకా లాగుతుంది, ఈఎస్‌పి32 పిన్ 40కి మించి ఇవ్వలేదు. మధ్యలో 2ఎన్2222 ట్రాన్సిస్టర్, బేస్‌కి 470 ఓమ్‌లు, మోటార్‌కి అడ్డంగా 1ఎన్4148 డయోడ్. డయోడ్ గీత ఉన్న వైపు ప్లస్‌కి.

2. అందరూ వదిలేసేది రెగ్యులేటర్, అంటే వోల్టేజీని 3.3 దగ్గర నిలిపే భాగం. ఏఎంఎస్1117 రకానికి ఇన్‌పుట్, అవుట్‌పుట్ కంటే దాదాపు 1.1 వోల్టులు ఎక్కువ ఉండాలి. యూఎస్‌బీ 5 వోల్టులు కాబట్టి సరిపోయింది. 3.7 వోల్టుల లిపో బ్యాటరీ పెడితే బయటికి 2.6 వస్తుంది, ఈఎస్‌పి32 మాడ్యూల్‌కి కనీసం 3.0 కావాలి. దాని బదులు ఏపీ2112కే-3.3 రెగ్యులేటర్ వేయండి. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడిగేటప్పుడు పూర్తి నంబర్ చెప్పండి, లేకపోతే మళ్ళీ 1117 చేతిలో పెడతారు.

3. మోటార్ ప్లస్ నేరుగా బ్యాటరీకి, పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేసి బలం తగ్గించే పద్ధతి) 70 శాతం. మాడ్యూల్ పక్కనే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్.

వైబ్రేషన్ 200 మిల్లీసెకన్లు చాలు. ఆగకుండా మోగితే మనిషి ఫోన్ పక్కన పెట్టడు, బ్యాండే తీసేస్తాడు.