పిల్లి గోళ్లు ఆపరేషన్ చేసి తీయించేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పిల్లి సోఫా అంతా పీకి పెట్టింది, మొన్న బాబు చెయ్యి కూడా గీరేసింది. ఆపరేషన్ చేసి గోళ్లు మళ్లీ రాకుండా తీసేస్తారట, చేయించమంటారా?

జవాబు: వద్దమ్మా, దయచేసి చేయించకండి. చాలామంది ఇదేదో గోళ్లు కత్తిరించడం లాంటిదే అనుకుంటారు కానీ పిల్లి గోరు వేలి చివరి ఎముకని అంటుకునే పెరుగుతుంది, మళ్లీ రాకూడదంటే ఆ ఎముకనే కోసేయాలి, అంటే మన వేలిని చివరి కణుపు దగ్గర నరికేసినట్టు, అదీ ముందు కాళ్లకే పది వేళ్లు! పిల్లి నడిచేదే వేళ్ల మీద. నడక మారిపోతుంది, కొన్నిటికి నొప్పి ఏళ్ల తరబడి పోదు, దొడ్డికి పెట్టిన ట్రేలో ఇసుక తవ్వితే పాదాలు సలిపి బయటే పోసేస్తాయి, గోళ్లు లేవు కాబట్టి కరవడం మొదలెట్టేవీ ఉన్నాయి, పిల్లాడికి గీరుడు కన్నా కాటు ఇంకా ప్రమాదం. న్యూయార్క్ రాష్ట్రం 2019లో దీన్ని నిషేధించింది కూడా. దాని వైద్యం కోసం తప్పనిసరైతే వేరే మాట, సోఫా కోసం వేళ్లు కోయడం మాత్రం అన్యాయం అండీ.

గీరడం దానికి అవసరం, గోరు మీద పాత పొర రాలేది, ఒళ్లు విరుచుకునేది అలాగే. తాడు చుట్టిన గట్టి స్తంభం ఒకటి సోఫా పక్కనే పెట్టండి, ఊగకూడదు, పిల్లి నిలబడి ఒళ్లు సాగదీసేంత ఎత్తుండాలి. రెండు మూడు వారాలకోసారి వేలిని మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది, లోపల గులాబీ రంగులో కనపడేది రక్తనాళం, దానికి ముందే కొన కత్తిరించండి. బాబుని ఒట్టి చేత్తో దాన్ని ఆడించనివ్వకండి.