ఎక్కువ ఓట్లొచ్చినా ఎలా ఓడిపోయారు మాస్టారూ?

ప్రశ్న: రాజాం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. తొమ్మిదో తరగతిలో ఎన్నికల పాఠం నడుస్తుంటే ఒకమ్మాయి లేచి, "అమెరికాలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లు కూడా ఓడిపోతారంట కదా మాస్టారూ, అదెలాగండి?" అని అడిగింది. అక్కడి ఎన్నికల చరిత్ర చెప్దామని ప్రెసిడెంట్ల పేర్లు, సంవత్సరాలు బోర్డు మీద రాస్తే పది నిమిషాలకే ఆవులింతలు. నాకు దొరికేవి మూడు పీరియడ్లు. ఎక్కడ మొదలెట్టమంటారు?
- ఒక సోషల్ టీచర్, రాజాం

జవాబు: ముందు ఆ పేర్ల పట్టీ చెరిపేయండి మాస్టారూ. ఆ పాప అడిగిందే మీ మొదటి పీరియడ్.

క్లాసులో నలభై అయిదు మంది ఉన్నారనుకుందాం. తొమ్మిదేసి మందిని అయిదు గుంపులు చేసి రాజాం, పాలకొండ, చీపురుపల్లి, బొబ్బిలి, గజపతినగరం అని పేర్లు పెట్టండి, ఇవే రాష్ట్రాలు. పోటీలో ఇద్దరు, జీడి, పనస. ఎవరు ఎవరికి వెయ్యాలో చీటీల మీద మీరే ముందుగా రాసివ్వండి: మూడు గుంపుల్లో జీడికి 5, పనసకు 4, మిగతా రెండింటిలో తొమ్మిదికి తొమ్మిదీ పనసకే. ఏ గుంపులో ఎవరు గెలిస్తే ఆ గుంపు మొత్తం వాళ్లదే అని రూలు చెప్పి లెక్కపెట్టించండి. పనసకు 30 ఓట్లు, జీడికి 15, కానీ మూడు గుంపులు గెలిచింది జీడి కాబట్టి గద్దె జీడిదే. అప్పుడు క్లాసులో లేచే గోలను ఆపకండి, అందులోంచే పాఠంలోకి వెళ్లండి.

అమెరికాలో జరిగేది దాదాపు ఇదే. ఓటర్లు వేసే ఓటుతో ఎలక్టర్లు ఎన్నికవుతారు, ప్రెసిడెంటును ఎన్నుకునేది వాళ్లు. మొత్తం 538 మంది, గెలవాలంటే 270. వాళ్ల పార్లమెంటు దిగువ సభలో ఎన్ని సీట్లుంటే అన్ని, వాటికి ఎగువ సభ అయిన సెనేట్ సీట్లు రెండు కలిపి రాష్ట్రానికి ఎలక్టర్లుంటారు కాబట్టి చిన్న వయోమింగ్‌కు కూడా 3 వస్తాయి, కాలిఫోర్నియాకు ఇప్పుడు 54. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో గెలిచినవాళ్లకే అన్నీ. 2000లో దేశం మొత్తం మీద అల్ గోర్‌కు అయిదు లక్షలకు పైగా ఎక్కువ ఓట్లొచ్చాయి, ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో ఆ రాష్ట్రం జార్జి బుష్‌కు వెళ్లింది, దాంతోపాటే పదవీ వెళ్లింది. 2016లో హిల్లరీ క్లింటన్‌కూ అంతే. 1876, 1888లోనూ ఇలాగే జరిగిందని చెప్పి వదిలేయండి చాలు.

రెండో పీరియడ్‌లో ఒకే ప్రశ్న వెయ్యండి: ఓటు ఎవరికుంది? నన్నడిగితే మొత్తం చరిత్రలో పిల్లలకు తప్పకుండా అందాల్సింది ఇదే, ఇక్కడ మాత్రం తొందరపడకండి. మొదట్లో చాలా రాష్ట్రాల్లో ఆస్తి ఉన్న తెల్ల మగవాళ్లకే ఓటు. 1870లో పదిహేనో సవరణతో రంగును బట్టి ఓటు కాదనకూడదని రాజ్యాంగంలో రాసుకున్నారు. రాసుకున్నారే గానీ దక్షిణాది రాష్ట్రాలు పోల్ టాక్స్, అంటే ఓటేయాలంటే కట్టాల్సిన పన్ను, పెట్టాయి, చదువు పరీక్ష పెట్టాయి. రాజ్యాంగంలో ఏదో ఒక పేరా ఇచ్చి అర్థం చెప్పమంటారు, చెప్పింది ఒప్పో తప్పో తేల్చేది ఓటర్ల పేర్లు రాసుకునే గుమాస్తా ఒక్కడే. ఇంకా ఘోరం ఉంది. లూసియానాలో 1898లో, 1867కు ముందు నీ తండ్రికో తాతకో ఓటుంటే నీకు ఆ పరీక్ష అక్కర్లేదన్నారు. బానిసగా బతికిన తాతకు ఓటెక్కడిది? ఈ ఒక్క ముక్క చెప్పి ఆగండి, మిగతాది పిల్లలే అందుకుంటారు. 1965 మార్చి 7న అలబామా రాష్ట్రంలోని సెల్మాలో ఓటు హక్కు కోసం నడిచినవాళ్లను వంతెన దగ్గర పోలీసులు లాఠీలతో కొట్టారు, ఆ ఆగస్టులోనే ఓటు హక్కు చట్టం వచ్చింది. మిసిసిపీలో అప్పటిదాకా ఓటు వయసొచ్చిన నల్లవాళ్లలో నూటికి ఏడుగురు కూడా ఓటర్ల జాబితాలో లేరు, రెండేళ్లకే దాదాపు అరవై మంది అయ్యారు. చట్టం అమలైతే ఏమవుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి అంకె నాకు తెలీదు.

ఆడవాళ్ల ఓటు దగ్గర టెనెసీ కథ చెప్పండి. 1920 ఆగస్టులో ఆడవాళ్లకు ఓటిచ్చే రాజ్యాంగ సవరణ గట్టెక్కాలంటే ఇంకొక్క రాష్ట్రం ఒప్పుకోవాలి. హారీ బర్న్ అనే ఇరవై నాలుగేళ్ల సభ్యుడు వ్యతిరేకుల గుర్తయిన ఎర్ర గులాబీ కోటుకు పెట్టుకుని సభకొచ్చాడు, జేబులో మాత్రం ఆడవాళ్ల ఓటుకు మద్దతివ్వమని వాళ్లమ్మ రాసిన ఉత్తరం ఉంది. చివరికి అమ్మ మాటే విన్నాడు.

మూడో పీరియడ్ మన ఊళ్లకు రండి. 1951-52లో మన మొదటి ఎన్నికల్లో చదువొచ్చినా రాకపోయినా, ఆడైనా మగైనా, ఇరవై ఒక్కేళ్లు నిండితే ఓటే. చదవలేనివాళ్ల కోసం అభ్యర్థికో పెట్టె పెట్టి దానిమీద గుర్తు అతికించారు. ఇక వి.వి.గిరి గారు 1957లో మన పార్వతీపురంలో కొద్ది ఓట్లతో ఓడి సుప్రీంకోర్టుదాకా వెళ్లారు, అక్కడా ఓడారు. అదే గిరి గారు 1969లో రెండో ప్రాధాన్య ఓట్లు, అంటే ఓటేసేవాళ్లు తమ రెండో ఇష్టంగా గుర్తించినవి, లెక్కపెట్టాక రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతిని మనమూ నేరుగా ఎన్నుకోం కదా అని పిల్లల చేతే అనిపించండి.

ప్రశ్న: పరీక్షల్లో రాని అమెరికా సంగతులు మా అబ్బాయికి ఎందుకండీ? టెన్షన్ పెంచడం కాదా?
- ఒక తండ్రి, శ్రీకాకుళం

జవాబు: బట్టీ పట్టిస్తే టెన్షనేనండి, మీ మాట నిజం. మార్కులు వెయ్యకుండా చెప్తే మాత్రం నష్టం లేదు. సార్వత్రిక వయోజన ఓటు హక్కు అని పుస్తకంలో ఒక్క లైనుంటుంది, అది లేనిచోట మనుషులు ఎన్ని దెబ్బలు తిన్నారో తెలిసిన పిల్లాడు ఆ లైనును మరిచిపోడు.

ప్రశ్న: క్లాసులో ఉత్తుత్తి ఎన్నికలు పెడితే పిల్లలు ఇంట్లోవాళ్ల పార్టీలు పట్టుకుని కొట్టుకున్నారు. మానెయ్యమంటారా?
- ఒక టీచరమ్మ, బొబ్బిలి

జవాబు: మానెయ్యకండి అమ్మా, పార్టీలను మాత్రం గుమ్మం దగ్గరే ఆపండి. ఆటల పీరియడ్‌లో కబడ్డీయా ఖోఖోయా, అంతవరకే. రెండుసార్లు ఓటేయించండి, ఒకసారి చేతులెత్తి, ఒకసారి రహస్యంగా, రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. అమెరికాలో 1880ల దాకా పార్టీలే రంగురంగుల చీటీలు అచ్చేసి పంచేవి, ఎవరు దేనికేస్తున్నారో పక్కనున్న యజమానికీ తెలిసిపోయేది. 1888లో మసాచుసెట్స్ ప్రభుత్వమే చీటీలు అచ్చేయించే రహస్య ఓటు తెచ్చింది, మిగతావాళ్లు దాని వెనకే వెళ్లారు. మీ అంకెలు రెండూ తేడాగా వస్తే ఎందుకొచ్చాయో పిల్లల్నే అడగండి. చీటీ మీద పేరు రాయించొద్దు, చేతిరాత పోల్చుకుంటారు. గుర్తు పక్కన టిక్కు పెట్టిస్తే చాలు.