అష్టమి చూసి ఓడెక్కండి

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మేనమామ ఆశీర్వదించి రాసేది.

అండమాన్ పోయి, హేవ్‌లాక్ దీవిలో చిన్న యాట్ (సరదా ప్రయాణాల తెరచాప పడవ) మాట్లాడుకుని, ఎనిమిది మందీ కలిసి స్నార్కెలింగ్, అంటే మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ అడుగున పగడాలు చూడటం, చేస్తారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టికెట్లు ఇంకా తీయలేదంట కదా, మంచిదే. సెలవు దొరికిందనో, విమానం చవగ్గా ఉందనో తేదీ పెట్టుకోవద్దు. ముందు గోడ మీది పంచాంగం క్యాలెండర్ చూడు.

అమావాస్య, పౌర్ణమి దగ్గర ఆటుపోట్లు పెద్దవి. నీళ్లు బాగా పైకెక్కి బాగా కిందికి దిగుతాయి కాబట్టి దీవుల మధ్య ప్రవాహం గట్టిగా లాగుతుంది, అడుగున ఇసుక లేచి నీళ్లు మసకబారతాయి. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులు ఆ తేడా బాగా తగ్గిపోతుంది. అష్టమి, నవమి ప్రయాణానికి పనికిరావని మీ నాయనమ్మ పట్టుబడుతుంది. ఈత సరిగా రానివాళ్లు సముద్రంలో దిగేదానికి మాత్రం వాటంత మెత్తటి రోజులు లేవు. ఇంటి నుంచి షష్ఠినాడు బయల్దేరితే ఆమె మాటా చెల్లుతుంది, నీ పనీ జరుగుతుంది.

నెలల సంగతికొస్తే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ సగం దాకా మేలు. గాలి తక్కువ, నీళ్లు తేటగా ఉంటాయి. నవంబర్, డిసెంబర్లలో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే ఇక్కడ చెన్నై విమానాలూ ఆగుతాయి, అక్కడ ఫెర్రీలూ ఆగుతాయి. పిల్లల వేసవి సెలవులని మే నెలాఖరుకి పెట్టుకున్నావో, నైరుతి రుతుపవనాలు మన దేశంలో మొదట తాకేది ఆ దీవులనే అని గుర్తుపెట్టుకో. ఏ నెలలో పోయినా తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచు. ఫెర్రీ రద్దయితే విమానం మీ కోసం ఆగదు.

పొద్దు సంగతి కూడా చూసుకోవాలి. అండమాన్ మనకి బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. చలికాలంలో సాయంత్రం అయిదు, అయిదున్నరకే చీకటి పడుతుంది. మధ్యాహ్నం భోంచేసి తీరుబడిగా బయల్దేరుదామంటే కుదరదు. పొద్దున్నే గాలి లేవకముందు పోవాలి. పోటు, అంటే నీళ్లు నిండా పైకెక్కేది, ఏ టైముకో ముందురోజే పడవవాళ్లని అడుగు. రోజుకి రెండు పోట్లు, మరుసటి రోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. ఇవాళ పదింటికైతే రేపు పదీ యాభైకి. పోటుకి గంట ముందు నుంచి గంట తర్వాత దాకా పగడపు దిబ్బల మీద నీళ్లు నిండుగా ఉంటాయి, ప్రవాహమూ నెమ్మదిస్తుంది. ఆటులో దిగితే కొన్ని చోట్ల మోకాళ్లు పగడాలకి గీసుకుంటాయి.

యాట్ మాట్లాడేటప్పుడు ధర చివర అడుగు. మొదట అడగాల్సింది, మాతో నీళ్లలోకి ఎవరు దిగుతారు, ఎంతమంది అని. మీ ఎనిమిది మందికి ఇద్దరు గైడ్లన్నా నీళ్లలో ఉండాలి, పడవ మీద ఒకరు కన్నార్పకుండా మిమ్మల్నే చూస్తుండాలి. పిల్లాడి సైజు లైఫ్ జాకెట్ ఉందా, ఒడ్డుతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో పనిచేస్తుందా, ఆక్సిజన్ సిలిండర్ ఉందా, నీళ్లలోకి దిగే నిచ్చెన ఎన్ని మెట్లది అని కూడా అడుగు. నిచ్చెన అడుగు మెట్టు నీళ్లలో బాగా లోపలికి లేకపోతే అలిసిపోయిన మనిషి పైకెక్కలేడు. వాతావరణం బాగాలేక వాళ్లే రద్దుచేస్తే డబ్బు తిరిగిస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకో. ఒక పొట్ట (నీళ్లలో తేలే అడుగు భాగం) ఉన్న తెరచాప యాట్ గాలికి పక్కకి వాలుతుంది. అది ప్రమాదమేమీ కాదు గానీ కొత్తవాళ్లకి గుండె జారుతుంది. రెండు పొట్టల కాటమరాన్ అంతగా వాలదు. మీ అమ్మ వస్తుంది కాబట్టి కాటమరానే చూడు.

హేవ్‌లాక్‌లోనే ఉన్న ఎలిఫెంట్ బీచ్‌కే తీసుకుపోతామంటే, స్పీడ్ బోట్ల గుంపు రాకముందే చేరేలా ఒప్పించు. టీవీలో చూసే రంగురంగుల తోటలు అన్ని చోట్లా ఉంటాయనుకోవద్దు. 2010లో, 2016లో సముద్రం వేడెక్కి చాలా పగడాలు తెల్లబడ్డాయి, కొన్ని చచ్చిపోయాయి. చేపలు మాత్రం దండిగా ఉంటాయి.

ఇక ఇక్కడ చేయాల్సిన పని. మాస్కులు అక్కడ అద్దెకిస్తారు, అయినా ఎవరి మాస్కు వాళ్లు కొనుక్కుంటే మేలు. మొహాలు ఒక్కలా ఉండవు, స్నార్కెలింగ్ పాడయ్యేదంతా నీళ్లు కారే మాస్కు వల్లే. గట్టి అద్దం, మెత్తటి సిలికాన్ అంచు ఉన్నది చూడు. పట్టీ తలకి తగిలించకుండా మొహానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి చేతులు వదిలెయ్. పడకుండా అతుక్కుని ఉంటే అది నీ మాస్కు. పట్టీ తల వెనక ఎత్తైన చోట ఉండాలి, చెవుల మీదికి జారకూడదు. కారుతోందని పట్టీ బిగిస్తారు అందరూ; బిగించేకొద్దీ అంచు మడతపడి ఇంకా కారుతుంది. అంచు కింద వెంట్రుక ఇరుక్కుందేమో ముందు చూడాలి. నీ మీసం గుబురు కదా, దాన్లోంచి కూడా కారుతుంది. మొత్తం తీసెయ్యమనను, ముక్కుకి ఆనుకుని సన్నటి గీత గొరిగించుకో చాలు. కొండ మీద తలనీలాల మొక్కుంటే తిరిగొచ్చాక తీర్చుకోండి. కొత్త గుండు ఆ ఎండకి గంటలో కాలిపోతుంది.

కొత్త అద్దం మీద ఫ్యాక్టరీ పొర ఉంటుంది. మామూలు తెల్ల టూత్‌పేస్టుతో లోపలి వైపు వేలితో రెండు మూడు సార్లు రుద్ది కడగండి, లేకపోతే పొగమంచు పట్టినట్టు మసకబారుతుంది. దిగేముందు ఒక చుక్క బేబీ షాంపూ లోపల పూసి, ఒక్కసారి నీళ్లలో జాడించాలి. కోడలికి కళ్లద్దాలున్నాయి కదా, పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయి, ఆమె చీటీ చూపించి తీసుకోండి. కాంటాక్ట్ లెన్సులతో ఉప్పునీళ్లలో దిగొద్దు. నీళ్లలో అన్నీ మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. చెయ్యి చాస్తే అందే చేప నిజానికి అందదు.

గొట్టం 40 సెంటీమీటర్లకి మించొద్దు. పొడుగుదైతే మనం వదిలిన గాలే మళ్లీ లోపలికొచ్చి తల తిరుగుతుంది. మొహం మొత్తం కప్పేసే మాస్కులు ఆన్‌లైన్లో చవగ్గా వస్తున్నాయి, అవి వద్దు. నీళ్లు చేరితే నోటితో ఊదేసే వీలుండదు, కంగారులో ఊడదీయడం కష్టం, నాసిరకం వాటిలో వదిలిన గాలి లోపలే తిరుగుతుంది.

బయల్దేరే ముందు నెల రోజులు వారానికి రెండు సార్లు ఊళ్లో స్విమ్మింగ్ పూల్‌కి పోండి. తలకోన జలపాతం కింద, చెరువుల్లో సాధన వద్దు. అడుగున ఏ బండ ఉందో, ఎంత బురద ఉందో కనపడదు. పూల్లో నడుము లోతులో వంగి, మొహం నీళ్లలో పెట్టి అయిదు నిమిషాలు ఊపిరి తీయడం మొదటి పని. పీల్చడం నెమ్మదిగా, వదలడం ఇంకా నెమ్మదిగా. పై పైన గబగబా తీస్తే గొట్టంలోని పాత గాలే అటూ ఇటూ తిరుగుతుంది, అక్కడే భయం మొదలవుతుంది. తర్వాత కావాలనే గొట్టంలోకి నీళ్లు రానిచ్చి, ‘టూ’ అని ఒక్క ఊపున గట్టిగా ఊదాలి. ఊదాక మొదటి ఊపిరి జాగ్రత్తగా, సన్నగా తీయాలి, అడుగున ఒక గుక్క మిగిలి ఉంటుంది. మాస్కులో నీళ్లు చేరితే తల కాస్త పైకెత్తి, ఫ్రేము పై అంచు నుదుటికి నొక్కిపట్టి ముక్కుతో ఊదితే కింద నుంచి పోతాయి. ఈ రెండూ ఆలోచించకుండా చేతికొచ్చే దాకా చేయండి.

నువ్వు బావిలో ఈత నేర్చినవాడివి, నీకు వేరే తంటా ఉంది. బావి ఈతలో తల పైకెత్తి, మోకాళ్ల నుంచి కాళ్లు కొడతాం. ఫిన్లు, అంటే కాళ్లకి తొడిగే రబ్బరు రెక్కలు, వేసుకుని అలా కొడితే నీళ్లు చిమ్ముతాయే గానీ మనిషి ముందుకి పోడు, పిక్కలు పట్టేస్తాయి. కాళ్లు తుంటి నుంచి ఆడించాలి, మోకాలు కొద్దిగానే వంగాలి. రెండు వందల మీటర్లు ఆయాసం లేకుండా పోగలిగితే సముద్రానికి సరిపోతావు.

బట్టల సంగతి ఆడవాళ్లకి నువ్వే చెప్పు. చుడీదార్, చున్నీ, కాటన్ లెగ్గింగ్ నీళ్లు పీల్చి కిందికి లాగుతాయి. పొడుగు చేతుల లైక్రా చొక్కా, లైక్రా ప్యాంటు వేసుకుంటే మర్యాదకి మర్యాద, ఎండకి అడ్డం. తాళి తీయడం ఇష్టం లేకపోతే గొలుసు గదిలో పెట్టి, పసుపుతాడుతో చొక్కా లోపల ఉంచుకోమను. గాజులు, ఉంగరాలు వద్దు, నీళ్లలో వేళ్లు సన్నబడి జారిపోతాయి. మోకాళ్ల వెనక, మెడ వెనక, చెవుల మీద జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ దట్టంగా పూయండి. కాలేది ఎప్పుడూ వీపు వైపే.

ప్రయాణం పెద్ద విషయం కాదు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగితే అక్కడినుంచి ఎయిర్‌పోర్టుకి మెట్రో ఉంది. పొద్దున్నే విమానమైతే ముందురోజు రాత్రే చేరండి. మీ అమ్మ ప్రసాదమని ఎండుకొబ్బరి కురిడీలు పెట్టెలో సర్దుతుందేమో, విమానంలో ఒప్పుకోరు. లడ్డూలకి అడ్డం లేదు. పోర్ట్ బ్లెయిర్‌ని ఇప్పుడు శ్రీ విజయపురం అనీ, హేవ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ అంటున్నారు, టికెట్ మీద ఏ పేరున్నా కంగారు వద్దు. అక్కడ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, భాషకీ ఇబ్బంది లేదు. ఫోన్ సిగ్నల్‌ని నమ్మి యూపీఐ ఒక్కటే పెట్టుకోవద్దు, నగదు ఉంచు.

తిరుమల ఘాట్ రోడ్డులో కవర్ చేతిలో పట్టుకుని కూర్చునేవాళ్లు మీలో ఎవరో ఇప్పుడే లెక్కేసుకో. సముద్రం మీద వాంతులు మొదట వాళ్లకే. అవోమిన్ లాంటి మాత్ర ముందురోజు రాత్రి ఒకటి వేసుకుంటే పొద్దుటికి పనిచేస్తుంది. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర వాంతితోనే బయటికి పోతుంది. మత్తుగా ఉంటుంది కాబట్టి ఇంట్లో ఒకసారి వేసి చూడాలి, పిల్లాడికి, మందులు వాడేవాళ్లకి డాక్టర్ని అడిగే ఇవ్వాలి. పొద్దున రెండు ఇడ్లీలు తిని ఎక్కండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, పూరీ కుర్మా అసలే వద్దు. పడవ వెనక భాగంలో నడిమధ్య ఊపు తక్కువ. దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీతని చూస్తుండాలి. ఫోన్ చూసినా, కింద గదిలోకి పోయినా పని అయిపోతుంది. వాంతి వస్తే గాలి ఎటు పోతోందో ఆ పక్కకి వంగాలి, లేకపోతే అందరి మొహాన పడుతుంది.

యాట్ మీద చెప్పులు తీసెయ్యాలి. సూట్‌కేసులు వద్దు, మెత్తటి సంచులు చాలు. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ పడవని పట్టుకునే ఉండాలి. తెరచాప కింది దూలం పడవ దిశ మారినప్పుడు ఈ పక్క నుంచి ఆ పక్కకి విసురుగా వస్తుంది, కెప్టెన్ కేకేస్తే తల దించాలి, ఏమిటని లేచి చూడకూడదు. టాయిలెట్‌లో కాగితం ముక్క కూడా వేయొద్దు, సన్నటి గొట్టం, పూడుకుపోతే రోజంతా వాసన.

లంగరు వేసి, ఇంజన్ ఆపి, ప్రొపెల్లర్ తిరగడం ఆగిందని కెప్టెన్ చెప్పాకే నీళ్లలోకి. ఇద్దరిద్దరు జంటలుగా పోండి. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి, తొడల మధ్య పట్టీ ఉంటే అదీ బిగించాలి, లేదంటే జాకెట్ చెవుల దాకా లేస్తుంది. పడవ వెనక తేలే బుడగకి కట్టిన పొడుగు తాడు వేయించు. దిగగానే నిమిషం కదలకుండా తేలి, ప్రవాహం ఎటు తీసుకుపోతోందో గమనించు. ముందు దానికి ఎదురు పోవాలి, ఒంట్లో సత్తువ తగ్గాక అదే మిమ్మల్ని పడవ దగ్గరికి తెస్తుంది. మొదటిసారి అరగంట చాలు, పిల్లాడు ఇరవై నిమిషాలు. వెచ్చటి నీళ్లయినా ఒంట్లో వేడిని లాగేస్తాయి. పెదాలు నీలం కాకముందే పైకి తియ్యి.

ఆయాసం వస్తే వెంటనే వెల్లకిలా తిరిగి, మాస్కు, గొట్టం తీసేసి, చెయ్యి ఊపాలి. ఇంకాస్త ఓర్చుకుందామనుకోవద్దు. మునిగిపోయే మనిషి అరవడు, అరిచేంత ఊపిరి ఉండదు. అందుకే జంటలో ఒకరు మరొకరిని నిమిషానికోసారి తలెత్తి చూడాలి.

పగడాల మీద నిలబడొద్దు. అవి ప్రాణులు, పైగా బ్లేడులా కోస్తాయి. ఆ గాయం మొండిది. పసుపు, కాఫీ పొడి అద్దకుండా మంచినీళ్లతో బాగా రుద్ది కడిగి మందు రాయండి. ముళ్ల చేప గుచ్చితే చర్మం కాలకుండా తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట పైన ముంచి ఉంచి, ఆసుపత్రికి పోవాలి. మడ అడవులు, కాలువలు సముద్రంలో కలిసే చోట ఎవరు రమ్మన్నా దిగొద్దు, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. పగడపు ముక్క ఒడ్డున పడున్నా తేవొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఎయిర్‌పోర్టులో సంచులు వెతుకుతారు.

మీ అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోంది. ఈ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి స్నార్కెలింగ్ చేయొచ్చా అని సూటిగా అడుగు. ఆయన వద్దంటే ఆమె డెక్ మీద నీడలో కూర్చుంటుంది, అద్దం అడుగున్న పడవలో ఇంకోరోజు పగడాలు చూపించు. సరేనంటే టికెట్లు తియ్యి.

ఇట్లు
మీ మేనమామ