పురుగు పేగు చూశాకే మందు వెతుకు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నిల్వ పెసల్లో పడే పుచ్చు పురుగును దాని జీర్ణ ఎంజైములకు అడ్డుపడే ప్రోటీన్లతో ఆపాలని పరిశోధన మొదలుపెడుతున్నావట, సంతోషం. ప్రోటీన్లను అరిగించే ట్రిప్సిన్ అనే ఎంజైమును అడ్డుకునే సోయా ప్రోటీను, అంటే సోయా ట్రిప్సిన్ నిరోధకం, కొనడానికి రాసిన కాగితాన్ని మాత్రం నాలుగు రోజులు ఆపు.

అదే పని చేసి నేను ఒక వేసవి మొత్తం పోగొట్టుకున్నాను. పిండిలో సోయా నిరోధకం కలిపి పెడితే పురుగులు హాయిగా తిని పెరిగాయి. తప్పు నాదే. శనగపచ్చ పురుగు పేగులో క్షారగుణం ఎక్కువ, అక్కడ ట్రిప్సిన్‌దే పెత్తనం. పుచ్చు పురుగు పేగులో కాస్త ఆమ్లగుణం ఉంటుంది, ప్రోటీన్లను అరిగించేవి ముఖ్యంగా సిస్టీన్ ప్రోటీయేజులు. వాటిని పట్టేది బియ్యంలోని ఒరైజాసిస్టాటిన్ వంటి ప్రోటీను. అందుకని ముందు పిల్ల పురుగుల పేగులు తీసి, పీహెచ్ 5, 6 దగ్గర పరీక్షించు. అలవాటు కొద్దీ క్షారం వైపున్న 8 దగ్గర చూస్తే అసలు దొంగ కనబడదు.

పిండిపదార్థం సంగతికి వస్తే, రాజ్మా గింజలోని నిరోధకం ఈ పుచ్చు పురుగు అమైలేజును, అంటే పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమును, గట్టిగా పడుతుంది. విచిత్రమేమిటంటే రాజ్మానే తినే మెక్సికన్ పురుగు దానికి లొంగదు. మన రాగుల్లో ఒకే ప్రోటీను ట్రిప్సిన్‌నూ అమైలేజునూ అడ్డుకుంటుంది. సంకటి తిని పెరిగినవాణ్ణి కనుక నాకు దాని మీద కాస్త పక్షపాతం!

ప్రయోగంలో చచ్చిన పెద్ద పురుగులను లెక్కపెట్టకు. నిల్వలో అవి ఏమీ తినవు, కొద్ది రోజులు బతికి గుడ్లు పెట్టి పోతాయి. తిండంతా గింజ లోపలి పిల్లదే. పెసరపిండిలో నిరోధకం 0.1 నుంచి 1 శాతం వరకు వేర్వేరు మోతాదుల్లో కలిపి, గింజంత ఉండలు చేసి, వేడి తగలకుండా ఆరబెట్టి వాటిపై గుడ్లు పెట్టించు. భూతద్దంతో చూస్తే కొత్త గుడ్డు గాజులా మెరుస్తుంది. పిల్ల అడుగు నుంచి లోపలికి తొలిచాక, తోడిన పొడి నిండి ఆ పెంకు తెల్లబడుతుంది. ఆ తెల్లచుక్కలే నీ లెక్కకు మొదలు. వాటిలో ఎన్ని గుండ్రటి కన్నం చేసుకుని బయటికి వచ్చాయో, ఎన్ని రోజులు ఆలస్యమయ్యాయో రాసుకో. ఒక తరంతో ఆపకు, పురుగులు వేరే ఎంజైముకు మారిపోగలవు.

అమ్మ పెసల డబ్బాలో రాజ్మా పొడి చల్లుతానన్నావట, వద్దు. ఆ నిరోధకం మన లాలాజలంలోని అమైలేజునూ ఆపుతుంది. ఆస్ట్రేలియాలో ఈ నిరోధకాన్ని తయారుచేసే రాజ్మా జన్యువు పెట్టిన బఠాణీ పురుగును బాగానే ఆపింది, కానీ 2005లో వెలువడిన పరీక్షల్లో ఎలుకలకు రోగనిరోధక ప్రతిచర్య కనిపించి ఆ పని నిలిచిపోయింది. డబ్బాకైతే బాగా ఎండబెట్టిన పెసలు, కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె చాలు.

ఇప్పటికే పుచ్చిన పెసలను పారేయవద్దని అమ్మకు చెప్పు. నీ ప్రయోగానికి కావలసిన పురుగులు వాటిలోనే ఉన్నాయి.

మామయ్య